వేసవిలో ఉన్ని రగ్గు

మా ఆయన రైల్వేలో ఫైర్‌మన్, ఇంజిన్‌లో బొగ్గు వేసే పని. నేను బిలాస్‌పూర్ కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో, పిట్టలు రాలిపోయే ఎండల్లో కూడా చంకన ఉన్ని రగ్గు పెట్టుకుని డ్యూటీకి వెళ్లేవాడు.

"ఈ ఎండల్లో రగ్గేటండీ?" అంటే, "ఇంజిన్ మీద గాలి కొడతాది" అనేవాడు. పొద్దస్తమానం నిప్పుల ముందు నిలబడే మనిషికి చలిగాలట! పైగా తిరిగొచ్చేసరికి రోజూ ఆ రగ్గు తడిగా ఉండేది. దులిపితే రంపపు పొట్టు రాలేది. ఊరి శివార్లలోని లాల్‌ఖదాన్‌లో ఎవరో ఆడమనిషి ఉందనే నా అనుమానం.

ఒకరోజు రగ్గుచుట్ట మూలన పెట్టి, "ముట్టకు" అని స్నానానికి వెళ్లాడు. ముట్టకుండా ఉంటానా? విప్పాను. లోపల పొట్టులో చిన్న ఐసుగడ్డ! ఉన్ని వేడికి కరిగిపోతుందని రగ్గు తీసేసి, పొట్టు కడిగేసి, పళ్లెంలో పెట్టాను. ఆయన వచ్చేసరికి గోలీకాయంత మిగిలింది.

"ఎంత పని చేసినావే! రగ్గులో ఉంటేనే గదా ఐసు నిలిచేది! స్టేషన్‌లో బతిమాలి నీకోసం తెచ్చినాను."

సిగ్గుతో తల దించుకున్నాను. కాసేపటికి మళ్లీ ఎత్తాను. ఆయన నాకు ఐసు తెచ్చింది ఆ ఒక్కరోజే. అంతకుముందు రోజూ ఆ రగ్గు ఎవరి ఐసుకు తడిసిందో ఇప్పటికీ చెప్పలేదు.