పాలు పొంగాకే పాత తాళం

కొత్త ఆఫీసులో పాలు పొంగి స్టవ్ మీద మాడిన వాసన రాగానే రంగనాయకి అక్క గొంతు చెవిలో మోగింది. ఏలకులను రంగు చూసి వేరుచేసే యంత్రాలకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ ఆవిడది, కోయంబత్తూరులో. నా మొదటి ఉద్యోగం అక్కడే. మా ఇద్దరి ఇళ్ళలోనూ తమిళం కలిసిన పాత తెలుగే.

అప్పట్లో తేని అనే ఊళ్ళో ఏలకుల వ్యాపారి దగ్గర మా యంత్రం మాటిమాటికీ ఆగిపోయేది. ఇంకోసారి ఆగితే వెనక్కి పంపేస్తానన్నాడు. అదే జరిగితే కంపెనీ మూతే! జబ్బేమిటో తెలిసింది. కెమెరా తీసిన బొమ్మ మెమరీలో ముప్పైరెండుతో భాగించబడే చిరునామా దగ్గరే మొదలవ్వాలి. బొమ్మ పెద్దదైతే, మెమరీ సర్దే ఆదేశమైన రియలాక్‌తో చోటు పెంచేవాళ్ళం. చోటు మార్చేటప్పుడు ఆ రియలాక్ మహాతల్లి ఈ లెక్క పట్టించుకోదు. మా ఆఫీసు కంప్యూటర్ల లినక్స్‌లో అదృష్టం కొద్దీ నడిచిపోయింది. తేనిలో ఉన్నది దాని చుట్టమే అయినా వేరే రకం యూనిక్స్, అక్కడ కుప్పకూలింది.

"రియలాక్ చేసి, చిరునామా కుదరకపోతే ఇంకో చోటికి మారుస్తా," అన్నాను ధీమాగా.

"ఆ ఇంకో చోటు దొరక్కపోతే? పాతదీ పోయుంటాది, బొమ్మ తప్పు చోట ఇరుక్కుంటాది," అంది అక్క. "అమ్మిణీ, మన ఇండ్లల్లో ఇల్లు మారేది ఎట్ల? ముందు కొత్తింట్లో పాలు కాచాల. అప్పురం సామాన్లు. పాతిల్లు తుడిచి తాళమిచ్చేది కడైసీలో, అన్నీ అయినాక. అట్లనే రాయి."

"సామాన్లు మార్చాలంటే పాత చోటు ఎంతుందో ఒక్కో యూనిక్స్‌లో ఒక్కో రకంగా అడగాలక్కా. కొన్నిట్లో అడిగే దారే లేదు."

"నీ సామాను ఎంతుండాదో పక్కింటోళ్ళని అడుగుతావా? నువ్వే గుర్తుపెట్టుకో!"

అలాగే రాశాను. లెక్క కుదిరే కొత్త చోటు దొరికితేనే కాపీ, కాపీ అయ్యాకే పాతది వదలడం. మా దగ్గరున్న యూనిక్స్‌లన్నిటి మీదా అదే కోడ్ నడిచింది.

తేని గోదాములో బెల్టు మీద ఏలకులు కుమ్మరించారు. పెద్ద కుప్ప రాగానే తెర మీద ఎర్రగా 'మెమరీ దొరకలేదు' అని వెలిగింది. కానీ బెల్టు ఆగలేదు! పాత చోటు చెక్కుచెదరకుండా ఉంది. అందులో పట్టినంత బొమ్మతోనే పని సాగింది. కాసేపటికి ఎరుపు పోయింది. వ్యాపారి గుప్పెడు ఏలకులు తీసి, అరచేతిలో తిప్పి చూసి, "ఇరుక్కట్టుం," అన్నాడు. యంత్రం ఉండనీ అని! "సెబాష్ అమ్మిణీ!" అంటూ అక్క గోదామంతా వినబడేలా నా వీపు చరిచింది. ఆ దెబ్బ ఎంత తియ్యగా ఉందో!

ఇప్పుడా కంపెనీ నా చేతిలో ఉంది, అక్క కారమడైలో విశ్రాంతిగా ఉంటోంది. పాలు దించకుండానే ఫోన్ చేశాను.

"పొంగినాయి అక్కా!"

"రొంబ సంతోషం కన్నూ. పాత ఆఫీసు తుడిచినావా?"

తుడవలేదు. స్టవ్ ఆపి, చీపురు పట్టుకుని బయలుదేరాను.