హాజరు పట్టీలో రత్న

మా సోములమ్మత్త బతికినన్నాళ్ళూ సర్కారుని అడిగింది ఒక్కటే. చచ్చిపోయిన తన కూతురి పేరు బడి పట్టీలోంచి కొట్టేయమంది. రోడ్డు అడగలేదు, మంచినీళ్ళ బోరింగు అడగలేదు. కలంతో అడ్డంగా ఒక్క గీత గీస్తే అయిపోయే పని. ఆ గీత కూడా గియ్యలేని బడి గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ బడిలో చదువుకుని నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. అయినా మండుతుంది.

మా ఊరు జోడుమామిడి. అనంతగిరి నించి లోపలికి ఆరు మైళ్ళు కొండెక్కాలి. అప్పట్లో ఇరవై ఆరు ఇళ్ళు. అరవై ఆరులో బడి మంజూరైంది. మంజూరైందంటే కాగితం వచ్చింది, అంతే. గోడలు పెట్టిందీ గడ్డి కప్పిందీ మావాళ్ళే. ఇంటికొక మనిషి చొప్పున పని. సోములమ్మత్త మొగుడు సుక్రు మారేడుమిల్లి వైపు వెదురు నరికే కూపులకి పోయి మళ్ళీ రాలేదు కనక ఆ ఇంటి వంతు దూలం ఆమే మోసింది. బడి లేచాక ప్రతి శనివారం నేల పేడతో అలికేది. ఎవరూ చెయ్యమనలేదు.

ఆమెకి బడి మీద అంత పంతం ఎందుకో ఊరందరికీ తెలుసు. ఒకప్పుడు ఫారెస్టు గార్డు ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నాడు. వేసింది. నెల తిరిగేసరికి ఆమె పోడు చేను చుట్టూ రాళ్ళు పాతి అడవిలో కలిపేసుకున్నారు. ఆ కాగితం నకలు ఒకటి ఆమె ఇంటి చూరులో ఉండేది. అందులో ఏముందో చదివి చెప్పే మనిషి తన ఇంట్లోనే పుట్టిందని ఆమె ధీమా. ఆ మనిషి రత్న, ఆమెకున్న ఒక్కగానొక్క కూతురు.

మాది పక్కిల్లు, మధ్యన కంచె. నా పేరు బుద్రి. బుధవారం పుట్టాను కాబట్టి బుద్రి. రత్నకీ నాకూ ఒకటే ఈడు. అది పలక పట్టుకుని బడికి పోతే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని ఆవుల వెంట పోయేదాన్ని. ఆడగుంటకి చదువేమిటని మా నాన్న సోంబరు అభిప్రాయం. మా అమ్మ గురుబారికి అభిప్రాయాలు పెట్టుకునే తీరిక ఉండేది కాదు.

మాస్టారి పేరు వరహాలరావు. విజయనగరం అవతల ఎక్కడో పల్లపు ఊరు. కొండజ్వరమంటే ఆయనకి ప్రాణభయం. ఆ భయం తప్పని నేననను, జ్వరం అందరినీ పట్టేది. ఆయనకి పారిపోవడానికి రైలుంది, మాకు లేదు. నెలకి పది రోజులు ఊళ్ళో ఉంటే గొప్ప. వానలు పడ్డాయంటే తగ్గేదాకా కనిపించడు. తిరిగొచ్చాక ఒక పూట కూచుని, తను లేని రోజులన్నిటికీ హాజరు వేసేవాడు. పిల్లలందరూ రోజూ వచ్చారు, ఆయన రోజూ చెప్పాడు! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. పూజారి కనీసం గుళ్ళో ఉంటాడు కదా.

అరవై ఎనిమిది వానల్లో రత్నకి జ్వరం వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం పోయింది. అప్పుడది రెండో తరగతి.

మాస్టారు దసరా దాటాక వచ్చాడు. వచ్చిన రోజే సోములమ్మత్త బడికి వెళ్ళింది.

"మాస్టరూ, మా గుంట నేదు. సచ్చిపోనాది. దాని పేరు కొట్టీండి."

"అయ్యో పాపం," అన్నాడాయన. మనసులో ఉండే అన్నాడనుకుంటాను, చెడ్డవాడు కాదు. "కొట్టేస్తాలే, వెళ్ళు."

ఆ శనివారం ఆమె నేల అలకడానికి వెళ్ళేసరికి లోపల పేర్లు పిలుస్తున్నాడు. "రత్న" అని కూడా పిలిచాడు. పిల్లలు ఎవరూ పలకలేదు. ఆయన తలెత్తకుండా గుర్తు పెట్టి తరవాతి పేరు పిలిచాడు. పేరు పెట్టి పిలుస్తూ ఉంటే పోయిన బిడ్డ ఎలా పోతుంది, గుమ్మం దగ్గరే తచ్చాడుతుంది కదా అని ఆమె భయం. ఆ మాట మా అమ్మతో కంచె దగ్గర నిలబడి చెప్పి ఏడ్చింది.

సంక్రాంతి వెళ్ళాక ఇనస్పెక్టరు దొర వస్తున్నాడని కబురొచ్చింది. మాస్టారికి చెమటలు పట్టాయి. ఇరవై మంది పిల్లలు లేకపోతే బడి ఎత్తేస్తారు. పట్టీలో సరిగ్గా ఇరవై, రత్నతో కలిపి. అంతకన్నా పెద్ద తంటా ఇంకోటుంది. జూలైలో చచ్చిపోయిన పిల్లకి జనవరి దాకా హాజరు వేసి ఉంది. ఇప్పుడు కొట్టేస్తే ఆ ఆరు నెలలూ బడికి ఎవరొచ్చారని అడుగుతారు. కాబట్టి ఆయనకి కావలసింది కొత్త పిల్ల కాదు, రత్న.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఎప్పుడూ మా గుమ్మం తొక్కని మనిషి వచ్చి మా నాన్న పక్కన అరుగు మీద కూచున్నాడు.

"సోంబరూ, నీ గుంటని ఒక్క పూట పంపు. ఒక్క పూట. దొర వెళ్ళిపోగానే పంపేస్తాను."

"పేరు అడిగితే రత్న అనాలి," అని నాతో చెప్పాడు.

"నా పేరు బుద్రి," అన్నాను.

"రేపు మాత్రం రత్న."

మర్నాడు తల దువ్వుకుని రెండో తరగతి పిల్లల్లో కూచున్నాను. రత్న కూచునే చోటే. దొర స్వయంగా పట్టీ చూసి పేర్లు పిలిచాడు. రత్న అనగానే లేచి గట్టిగా "వచ్చానండీ" అని అరిచాను. గట్టిగా అనమని మాస్టారు చెప్పాడు మరి. ఏడేళ్ళ గాడిదని, గర్వంగా కూడా ఉంది.

దొరకి మంచినీళ్ళు తెచ్చే పని సోములమ్మత్తకి పెట్టారు. అప్పుడు గుమ్మంలోనే ఉంది. ఆమె చేతిలో కుండ జారిపోలేదు, ఆమె కూలబడనూ లేదు. నీళ్ళు ముంచి దొరకి ఇచ్చింది. ఆయన తాగేదాకా నిలబడి ఇంటికి పోయింది. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి రాజుకోలేదు.

నాలుగో రోజు మళ్ళీ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"దొర ఎల్లిపోనాడు కదా. ఇప్పుడైనా కొట్టీండి, బాబూ."

"ఇప్పుడెలా కొట్టేస్తానే? దొర కళ్ళారా చూసిన పిల్ల ఏమైపోయిందని చెప్పను? బడి పోతే ఊరందరికీ నువ్వు జవాబు చెప్పుకుంటావా?"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, ప్రతిదానికీ ఆయన దగ్గర ఊరి పేరే. ఊరు కూడా ఆయన వైపే నిలబడింది. బడిలో మధ్యాహ్నం గోధుమనూక ఉప్మా పెట్టేవారు. ఆ ఉప్మా పోతుందని తల్లులందరికీ బెంగ. పెద్దలు సోములమ్మత్తని పిలిచి, పోయిన గుంట ఎలాగూ రాదు, ఉన్న గుంటల నోటి దగ్గర కూడు తియ్యకు అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో మా నాన్న ఒకడు. ఆమె ఆ తరవాత బడి నేల అలకడం మానేసింది.

నేను ఒక్క పూటకి పోయినదాన్ని మానలేదు. ముందు ఉప్మా కోసం పోయాను, తరవాత అక్షరాల కోసం. వరహాలరావు మాస్టారు ఉన్న పది రోజులూ బాగా చెప్పేవాడు, అదో దరిద్రం. పూర్తిగా చెడ్డవాడైతే తిట్టుకోవడానికి సుఖంగా ఉండును. మూడేళ్ళు రత్న పేరుకి పలికాను. సోములమ్మత్త బడి పక్క నించి పోతూ కనిపిస్తే గొంతు తగ్గించి పలికేదాన్ని. నేను చేసిన ధర్మం అంతే.

డెబ్బై రెండులో అయిదో తరగతి అయింది. ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకి సీట్లున్నాయన్నారు. అక్కడ తిండీ గుడ్డా వాళ్ళే ఇస్తారు. మాస్టారు రాసిచ్చిన సర్టిఫికెట్టులో పేరు రత్న, తల్లి సోములమ్మ. బుద్రి అనే పిల్ల ఏ బడిలోనూ ఏ రోజూ చదవలేదు. చేర్చుకోవాలంటే తల్లి వచ్చి వేలిముద్ర వెయ్యాలి.

ముగ్గురూ ఆమె గుమ్మంలోకి వెళ్ళారు, మాస్టారూ, నాన్నా, అమ్మా. వెనకాల నేను. ఆమె చోళ్ళు చెరుగుతోంది.

"నాలుగేళ్ళబట్టీ నాను ఒక్క గీత అడుగుతన్నాను," అంది మాస్టారితో. "నువ్వు గీత గియ్యవు గానీ, నా యేలు కావాలనొచ్చినావేటి?"

మా అమ్మ ఆమె కాళ్ళ మీద పడింది. "వదినా, నీ కూతురనుకో. నీకే ఇచ్చీసినాననుకో. దాని బతుకు మట్టి సెయ్యకు."

సోములమ్మత్త చేట పక్కన పెట్టి లేచింది. చూరులోంచి కాగితం తీసి నా చేతికిచ్చింది.

"సదువు."

చదివాను. సదరు భూమి తనది కాదనీ, తన ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాననీ, ఎవరి బలవంతమూ లేదనీ ఉంది. కింద ఆమె వేలిముద్ర. ఇష్టపూర్వకంగా అంటే ఏమిటని అడిగింది. మా బాసలో చెప్పాను. ఆమె కాగితం తీసుకుని, మడతల ప్రకారం మళ్ళీ మడిచి చూరులో పెట్టింది.

"పద," అంది నాతో. "ఇది కూడా ఇట్టపూర్తిగానే ఏత్తాను."

అలా నేను సోములమ్మత్త కూతురినయ్యాను. ఆశ్రమ పాఠశాలలో పట్టీలో ఉన్న తల్లే పిల్లని చూడాలని వార్డెనమ్మ రూలు. మొదటి నెల మా అమ్మ పనసతొనలు మూట కట్టుకుని పద్నాలుగు మైళ్ళు నడిచొస్తే, నువ్వెవరివని గేటు దగ్గర నించే పంపేసింది. తరవాత ఇద్దరూ కలిసి వచ్చేవారు. లోపలికి సోములమ్మత్త. గేటు బయట చుట్టంలాగ మా అమ్మ. వార్డెనమ్మ వినాలని నేను "అమ్మా" అని గట్టిగా పిలిచేదాన్ని. "అంత గట్టిగా అనకే, బయట అది ఇంటాది," అని సోములమ్మత్త నా చేతిలో మూట పెట్టి, "మీ అమ్మ పంపింది" అని గొణిగేది. ఆమె నన్ను ఒక్కసారీ దగ్గరికి తీసుకోలేదు. నాకు తెలిసి రత్న అని పిలవనూ లేదు. ఇదిగో, ఓ గుంటా అనేది.

పదో తరగతి అయింది, నర్సు ట్రైనింగు అయింది, డెబ్బై తొమ్మిదిలో సబ్‌సెంటర్లో ఉద్యోగం వచ్చింది. ఆర్డరులో కూడా రత్నే. ఊరంతా సంబరపడింది. మా బడి నించి ఉద్యోగం దాకా పోయిన మొదటి పిల్ల రత్న అని మాస్టారు పైవాళ్ళకి రాసుకున్నాడు.

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చాయి. ఆ పని మాస్టర్లకే వేస్తారు కదా, మా ఊరికి వరహాలరావు మాస్టారే వచ్చాడు. తల నెరిసింది. నేను సెలవు మీద ఇంటి దగ్గరే ఉన్నాను. ముందు సోములమ్మత్త ఇల్లు. కంచె ఇవతల అమ్మా నేనూ అరుగు మీద కూచుని ఉన్నాం, ప్రతి మాటా వినిపిస్తోంది.

పేరు రాశాడు, వయసు అడిగి తనే వేసుకున్నాడు. తరవాత కలం ఆగింది.

"పిల్లలు... ఎంతమంది పుట్టారు?"

"ఒకర్తి."

"ఇప్పుడు ఉన్నది?" ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

సోములమ్మత్త ఆయన్ని చూసింది. పన్నెండేళ్ళ నించి అడుగుతున్న గీత ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. పోయిందని రాయమంటే రాసేవాడు, ఆ రోజు కాదనే ధైర్యం ఆయన ముఖంలో లేదు. నాకు అన్నేళ్ళలో మొదటిసారి ఆమె నిజం చెప్పేస్తే బాగుండునని ఒక పక్కా, నా ఉద్యోగం పోతుందేమోనని ఒక పక్కా. సిగ్గు లేకుండా చెప్తున్నాను, రెండోదే ఎక్కువ.

ఆమె తల తిప్పి కంచె మీదుగా నన్ను చూసింది.

"ఉంది," అంది. "ఉజ్జోగం సేత్తంది. రాసుకో."

మాస్టారు రాసుకుని, చెమట తుడుచుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నేను అరుగు మీంచి లేచి నిలబడ్డాను. అమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమెకి అక్షరం రాదు గానీ లెక్క వచ్చు. పక్కింట్లో ఒక పిల్ల ఎక్కితే ఇక్కడ ఒక పిల్ల తగ్గాలి.

"పుట్టినవాళ్ళు?" అన్నాడు.

"ముగ్గురు."

"ఉన్నవాళ్ళు?"

"ఇద్దరు. మొగగుంటలు." నా వైపు చూడలేదు. "ఆడగుంట సచ్చిపోనాది."

ఆయన రాసేసి లేవచ్చు. లేవలేదు. ఎందుకడిగాడో ఆయనకే తెలియాలి, "ఎప్పుడు?" అన్నాడు.

"రత్న పోయినప్పుడే," అంది మా అమ్మ.

మాస్టారు కాగితాలు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సోములమ్మత్త కంచె తడిక తోసుకుని వచ్చి మా అమ్మ పక్కన కూచుంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నేను అక్కడే నిలబడిపోయాను.