బాల్కనీల కింద బిగించిన ఇంజన్

లాక్‌డౌన్‌లో, గుజరాత్‌లో మేముండే గోడాదరాలో మగ్గాలు ఆగిపోయాక, మా ఆయన మా పాత వ్యానులో బార్డోలీ వైపు ఊళ్ల నుంచి కూరగాయలు తెచ్చి మా గల్లీలో అమ్మేవాడు. ఒకరోజు వ్యాను తెల్లటి పొగ కక్కి ఇంటి ముందే ఆగిపోయింది. ఇంజన్ పైమూత, అంటే సిలిండర్ హెడ్, కింద ఉండే గాస్కెట్ అట్ట పోయి, నీళ్లు ఇంజన్‌లోకి దిగుతున్నాయి.

గ్యారేజీలన్నీ మూసేశారు. మా జగిత్యాల వైపు మెకానిక్ ఒకతను, నేను అన్నా అని పిలిచేదాన్ని, ఎదురింటి మేడ మీద కరోనాతో ఒంటరిగా ఉన్నాడు. జ్వరం తగ్గింది కానీ మాట్లాడే మనిషి లేక విసిగిపోయాడు. సంగతి వినగానే కింద ఉన్న తన దుకాణం తాళంచెవి విసిరాడు. దాన్ని సబ్బునీళ్లలో కడిగి తీసుకున్నాం.

"ఇప్పు బావా, నేను మీదికెంచి జూస్త," అన్నాడు.

హెడ్ ఊడదీసి, అంటుకున్న పాత గాస్కెట్ గీకి శుభ్రం చేశాం. హెడ్ అడుగు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయడం నా పని.

"స్కేలు కింద వెలుతురు గనవడ్తుందా చెల్లె?"

"లేదన్నా."

"మూలకు మూల పెట్టి గూడ జూడు."

ఎక్కడా సన్నటి గీత కూడా కనిపించలేదు. అంటే హెడ్ వంగలేదు. పరీక్ష పాసైనట్టు నాకు ఒకటే నవ్వు.

దుకాణంలోని కొత్త గాస్కెట్ వేసి హెడ్ కూర్చోబెట్టాం. మా ఆయన ఒక చివర ఉన్న బోల్టుకు పానా తగిలించాడు.

"గట్ల గాదు బావా. నడుమకెంచి వట్టు. ఎదురుమూలకు వొయ్యి, అటెన్క బయటికి రా. ఒక్కపారే బిగియ్యకు, అన్నిటిని జర జర."

అప్పటికి బాల్కనీలన్నీ నిండిపోయాయి. పక్కింటి గుజరాతీ అవ్వ మెల్లగా అన్నట్టు "ధీమే ధీమే" అంటూ చేత్తో తాళం వేస్తోంది. చివరి విడతకు టార్క్ పానా పట్టాం. సరిపడా బిగియగానే అది టక్కుమంటుంది. టక్కుమన్న ప్రతిసారీ గల్లీ అంతా చప్పట్లు. నలుగురిలో నోరు విప్పని మా ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు.

కొత్త ఆయిలు, నీళ్లు పోసి తాళం తిప్పితే ఇంజన్ కాసేపు దగ్గి అందుకుంది. పొగ లేదు. రేడియేటర్‌లో బుడగలు లేవు. పైన లుంగీలో మెకానిక్ అన్న చిందులేశాడు.

మా ఆయన నన్ను ఎక్కించుకుని గల్లీ ఆ చివరికీ ఈ చివరికీ వ్యాను తిప్పాడు. బాల్కనీల్లోంచి ఒకరు టమాటా, ఒకరు బైంగన్, ఒకరు మేథీ అని అరుస్తుంటే, తెలుగు, హిందీ, గుజరాతీ మూడింటిలోనూ "రేపు తెస్త" అని జవాబిస్తున్నాడు. మాస్కు తడిసేదాకా నవ్వాను.