ఆవిడ బదులు ఆయన చెప్పిన జవాబు

మన్ను తీసి మనిషిని మలచిన దేవునికి స్తోత్రం. ఒంటిలో ఏ భాగమూ ఆయనకు చిన్నది కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. ఆ నమ్మకంతోనే నేను కత్తి పట్టాను.

డెబ్బైల చివర్లో రాజమండ్రికి దిగువన ఒక మిషన్ ఆసుపత్రిలో సర్జన్‌గా ఉండేదాన్ని. రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే, గడ్డ ఎంత చిన్నదైనా, రొమ్ము మొత్తం కింది కండరాలతో సహా తీసేసేవారు. ప్రాణం దక్కితే చాలనేవారు. ప్రాణం దక్కాక ఆ మనిషి ఎలా బతుకుతోంది? అదే నా పరిశోధన.

మా వైపు ఒక అలవాటు ఉండేది. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు మళ్ళీ చూపించుకోవలసిన రోజున వాళ్ళ బదులు భర్తలు వచ్చేవారు. ఆవిడకి బస్సు ప్రయాణం ఎందుకని, జవాబులన్నీ తామే చెప్పేవారు. నొప్పి లేదు, అన్నం తింటోంది, బాగానే ఉంది. గడ్డ మళ్ళీ లేచిందో లేదో భర్త ముఖం చూస్తే తెలుస్తుందా? అయినా మా పెద్ద డాక్టరుగారు అదే రాసుకునేవారు. సభల్లో నిలబడి, మన ఆడవాళ్ళకు పోయిన రొమ్ము గురించి బెంగ లేదు, ఒక్కరూ అడగలేదు అని చెప్పేవారు. అడగడానికి ఎవరిని రానిచ్చారు? ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నా దగ్గరికి మాత్రం ఆపరేషన్ అయిన మనిషే రావాలని, భర్త వరండాలో కూర్చోవాలని చెప్పేశాను. అలా వచ్చింది భీమవరం పక్క పల్లె నుంచి ఒక రైతు భార్య. ఆపరేషన్ తర్వాత రవికలో గుడ్డ ఉండచుట్టి పెట్టుకునేదట. నాట్లు వేస్తూ వంగితే అది జారి బురదలో పడిందట. పక్కవాళ్ళు చూశారు. ఎవరూ నవ్వలేదు, అదే మరీ కష్టంగా ఉందని చెప్పింది. అప్పట్నుంచీ సొంత చేలోకి దిగడం లేదు. గట్టు మీద నిలబడి చూసి వచ్చేస్తోంది.

వీపు కండరాన్ని, పైచర్మంతో సహా, చంక కిందుగా ఛాతీ మీదికి తిప్పి రొమ్ము ఆకారం కట్టే పద్ధతి అప్పుడప్పుడే వచ్చింది. నేను నేర్చుకున్నాను, ఆవిడకి చేద్దామనుకున్నాను. కానీ ఆసుపత్రి కమిటీ ఒప్పుకోవాలి. చెయ్యి బలం తగ్గుతుందన్నారు పెద్ద డాక్టరుగారు. నిజమే, కొంత తగ్గవచ్చని నేనూ ఒప్పుకున్నాను. కమిటీలో ఉన్న సంఘపెద్దగారి అభ్యంతరం వేరు.

"అందం కోసం ఆపరేషనా, డాక్టరమ్మగారూ? ఇది దేవుడి ఆసుపత్రండి."

ఎండిపోయిన చెయ్యి ఉన్నవాణ్ణి ప్రభువు సమాజమందిరంలోనే, అందరి ఎదుటా బాగుచేశాడని గుర్తుచేశాను. ఇంకో చెయ్యి ఉందిగా, సర్దుకో అని పంపేయలేదన్నాను.

అప్పుడు వాళ్ళు పిలిచింది ఎవరిని? భర్తని. ఆయన చేతులు కట్టుకుని, మా ఆవిడకేం లోటు లేదండి, శుభ్రంగా తిరుగుతుందండి అన్నాడు. నేను లేచి వెళ్ళి వరండాలో ఉన్న ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చాను. ఆవిడ కొంగు నిండా కప్పుకుని నిలబడింది.

"ఈయన మీసం ఒక పక్క గొరిగేసి భీమవరం సంతకి పంపండి బాబుగారూ. తిరిగొచ్చాక అడగండి, లోటుందో లేదో."

భర్త చెయ్యి మీసం మీదికి పోయింది. పెద్ద డాక్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆవిడ నవ్వలేదు.

"చెయ్యి నీరసపడితే పడనివ్వండి. నా చేలో నేను వంగాలండి."

ఒప్పుకున్నారు. ఆపరేషన్ చేశాను. కుట్ల మచ్చ పెద్దదే, ఆకారం రెండోదానికి సరిపోలేదు. చెయ్యి పైకెత్తడానికి చాలాకాలం ఇబ్బందిపడింది. మరుసటి ఏడు వానాకాలం సార్వా నాట్లకు చేలోకి దిగింది, మధ్యాహ్నం దాకా వంగే ఉంది. అది భర్త చెబితే నమ్మలేదు, నేనే వెళ్ళి చూసి వచ్చాను.

ఆ తర్వాత కూడా ఒక సభలో పెద్ద డాక్టరుగారు ఆడవాళ్ళకు బెంగ లేదన్న పాత మాటే చదివారు. నేను లేచి అభ్యంతరం చెబితే కూర్చోమన్నారు. కూర్చోలేదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, తన ఒంటి సంగతి తానే చెప్పుకునే చోటు ప్రతి ఆడమనిషికీ ఇయ్యి. వైద్యుల చెవులు తెరువు. నా కోపం ఇంకా తగ్గలేదు, దాన్నీ నీ పనికే వాడుకో. ఆమేన్.