చెమటపట్టని చెంబు

పొద్దున్నే దీపం పెట్టకముందే రాజ్యమ్మకు ఒక పని ఉండేది. రాత్రంతా మట్టికుండలో చల్లబడిన నీళ్లు ఇత్తడి చెంబులోకి ఒంపి తులసికోట గట్టుమీద పెట్టేది. దీపం పెట్టి దండం పెట్టుకుని వచ్చాక చెంబు ఒళ్లంతా వేళ్లతో తడిమి చూసేది. చెమటపట్టిందంటే గాలిలో తడి ఉన్నట్టే, పొద్దు వాలేసరికి మబ్బు లేచే భయం ఉన్నట్టే. పొడిగా ఉందా, కల్లంలో నిశ్చింతగా వడ్లు ఎండబోసుకోవచ్చు.

చల్లని చెంబుకు తగిలి గాలిలోని ఆవిరి బొట్లు కట్టినట్టే, పైకెళ్లి చల్లబడ్డ ఆవిరి దుమ్ము కణాలను పట్టుకుని మబ్బు కడుతుందని గోదావరి ఒడ్డున చదివిన బడిలో పంతులుగారు చెప్పారు. పెళ్లయి బాన్సువాడ దగ్గర, కోస్తా రైతులు వచ్చి స్థిరపడ్డ ఈ క్యాంపుకు కాపురానికొచ్చాక కూడా ఆమె ఆ పాఠం మరవలేదు.

ఆ ఎండాకాలం యాసంగి కోతలప్పుడు, ఒక బుధవారం, పక్కింటి గంగవ్వ కొంగులో చింతచిగురు తెచ్చి గడపమీద పోసింది. కాలువ చివర రెండెకరాలు చేసుకునే ఒంటరి మనిషి. కల్లంలో ఇద్దరి వడ్లూ పక్కపక్కనే.

కోడలు సిరీష ఫోను చూసి చదివింది. “వారమంతా ఎండలేనంట అత్తయ్యా. ఇవాళా రేపూ మాత్రం జిల్లాలో అక్కడక్కడ ఉరుములతో వాన పడొచ్చంట.”

“అక్కడక్కడ అంటే యాడ బిడ్డా? మన కల్లం అక్కడున్నదా, ఇక్కడున్నదా?” అంది గంగవ్వ. “గా ఫోను జిల్లాకు జెప్తది, గీ చెంబు మన వాడకు జెప్తది. ఏందక్కా, ఇయ్యాల ఏమంటుంది?”

రాజ్యమ్మ తడిమి చూసింది. “పొడిగానే ఉందమ్మా. పరుచుకో.”

“ఇగ ఫికర్ లేదు. వడ్లు పరిచి దవాఖానకు పోయొస్త. కండ్ల మందు అయిపోయింది.”

ఆమె వెళ్లాక రాజ్యమ్మ తులసికి నీళ్లు పోసి, మిగిలినవి అలవాటుగా ఒక గుక్క నోట్లో పోసుకుంది. గోరువెచ్చగా తగిలాయి నీళ్లు.

“సిరీషా, ఈ నీళ్లెక్కడివే?”

“మీకు మోకాళ్ల నొప్పులని నేనే నింపానత్తయ్యా. కుండ ఖాళీగా ఉంటే ట్యాంకు నీళ్లు పట్టాను.”

వెచ్చని నీళ్ల చెంబుకు గాలిలో ఎంత తడి ఉన్నా చెమట పట్టదు. పిల్ల మంచి మనసుతో చేసిన పని, ఏమని కోప్పడుతుంది? గంగవ్వకు ఫోను చేయిస్తే అది గోడవతల ఆమె ఇంట్లోనే మోగింది. పోయి వడ్లు ఎత్తేద్దామంటే ఆకాశం తేటగా ఉంది. తేమ తగ్గకపోతే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఒక ఎండ పోగొట్టినా గంగవ్వకు నష్టమే. స్వామీ, ఈ ఒక్క పూటా దాటించమని మొక్కుతూ రాజ్యమ్మ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగింది. అన్నం సహించలేదు.

మధ్యాహ్నం దాటాక నిజాంసాగర్ వైపు దూదిపింజల్లా నాలుగు మబ్బులు లేచాయి. చూస్తుండగానే ఒకదానిమీద ఒకటి ఎక్కి, గోబీపువ్వులా ఉబ్బి, అడుగున నల్లబడ్డాయి.

రాజ్యమ్మ ఇక ఆగలేదు. కర్ర పట్టుకుని, సిరీషను తీసుకుని కల్లానికి నడిచింది. గంగవ్వ వడ్లు అరిచెయ్యంత మందాన పరుచుకుని ఉన్నాయి. చినుకు గట్టిగా పడితే పక్క కాలువలో కలిసిపోతాయి. అత్తాకోడళ్లు చేటలతో ఎత్తడం మొదలుపెట్టారు. ఎంత ఎత్తినా తరగడం లేదు. ఇంతలో ఆ ఊరి దేవిదాస్ ట్రాక్టరు మీద అటు వచ్చాడు.

“నాయనా, బ్లేడు దించి ఇవి కుప్ప చెయ్యి,” అంది రాజ్యమ్మ.

“చేస్త గని పెద్దమ్మా, కప్పనీకె ఏమున్నది? గంగవ్వకు ఉన్న చిరుగుల బొంత ఆమెకే సాలది.”

రాజ్యమ్మ తమ కుప్పవైపు చూసింది. ఎండిన వడ్లు, రేపు తూకం. కొడుకు రాజాబాబు సంచుల కోసం వెళుతూ టార్పాలిన్ బిగించి కట్టి వెళ్లాడు. ఉన్నది అదొక్కటే. దూరంగా ఉరిమింది. చల్లగాలి చీర కుచ్చెళ్లను తాకింది.

“దేవిదాస్, మా కుప్పమీది టార్పాలిన్ విప్పి దీనిమీద కప్పు.”

“గదేంది! మీ వడ్లు తడుస్తయ్ గదా? రాజాబాబన్న నా ఈపు పగలగొడ్తడు!”

“వాడికి నేను చెప్పుకుంటాను. మావి ఎండినవి, పైపైన తడిస్తే మళ్లీ ఎండబోసుకుంటాం. ఆవిడవి ఇంకా పచ్చివి, తడిస్తే మొలకలొస్తాయి. ఆవిడ నా మాట నమ్మి వెళ్లింది నాయనా,” అంటూ రాజ్యమ్మ చేట వదిలేసి రెండు చేతులూ జోడించింది. “నీకు పుణ్యముంటుంది. చినుకు పడకముందే ఆ తాళ్లు విప్పు.”