కోరా గుడ్డ, మూడో బ్యాచ్

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని కృష్ణమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. నన్నెరిగినవాళ్లు నా ఒట్టు వినగానే నవ్వుతారు. వాళ్లు చివరిదాకా చదవాలని మనవి.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను విజయవాడలోని ఒక విశ్వవిద్యాలయంలో టెక్నాలజీ బదిలీ విభాగానికి డిప్యూటీ మేనేజరుగా వేశారు. నా పైన ఒక డైరెక్టరు ఉండేవారు, కింద ఎవరూ లేరు. ప్రయోగశాలలో కనిపెట్టినదాన్ని బజారుకు చేర్చడం ఆ విభాగం పని. పేటెంటుకు దరఖాస్తు పెట్టించాలి, తయారుచేసేవాళ్లను వెతకాలి, లైసెన్సు ఒప్పందం రాయించాలి. అన్నిటికంటే ముఖ్యం బదిలీ పత్రం. అది వంట పుస్తకం లాంటిది. ల్యాబులో చేసే పనంతా వరసగా రాసిస్తే, అది చూసి బయటివాళ్లు అదే సరుకు తీయగలగాలి. ఆ పత్రం రాసేది నేను. మా బంధువులు మాత్రం నన్ను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ అనుకునేవారు. ఉచిత శాంపిళ్లు అడగనంతకాలం నేనూ కాదనలేదు.

నాకొచ్చిన మొదటి ఫైలు ప్రొఫెసర్ సువర్చల గారిది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల కాలి పుండ్లకు ఆవిడ ఒక పట్టీ తయారుచేశారు. డెల్టా చెరువుల రొయ్యల పొట్టు నుంచి కైటోసాన్ అనే పదార్థం తీసి, పలుచటి కోరా గుడ్డకు, అంటే మగ్గం దిగాక తెలుపు చేయని గుడ్డకు, పూతగా పట్టిస్తారు. ఆ పట్టీ పుండు తడిని పీల్చుకుంటుంది కానీ పుండుకు అంటుకుపోదు. ఎనిమిదేళ్ల పని అది. ఒకసారి ఆ పొట్టు ఆటోలో తెస్తుంటే వన్ టౌన్ నుంచి ల్యాబు గేటు దాకా పదకొండు పిల్లులు వెంటబడ్డాయి. సెక్యూరిటీ ఆయన వాటిని విజిటర్స్ రిజిస్టరులో ఎక్కించాడు.

లైసెన్సు తీసుకున్నది వన్ టౌన్‌లో ఆసుపత్రి సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి శేషగిరిరావు గారు. కంకిపాడు దగ్గర షెడ్డు వేసి యంత్రాలు దింపారు. ఒప్పందం ప్రకారం మూడు పైలట్ బ్యాచ్‌లు, అంటే ప్రయోగాత్మకంగా తీసే చిన్న విడతలు, తీయాలి. వాటిలో కనీసం ఒక్కటి పరీక్ష నెగ్గాలి, మూడూ పోతే లైసెన్సు రద్దవుతుంది. అక్టోబరు ఆఖరున సువర్చల గారి రిటైర్మెంటు. ఆ తర్వాత ల్యాబును వేరే శాఖకు ఇచ్చేస్తారు. బ్యాచ్‌లు పోతే ఆవిడ ఎనిమిదేళ్లూ బీరువా పాలు.

పరీక్ష తేలికైనదే. పట్టీని అరగంట ఉప్పునీళ్లలో నానబెట్టి వేలితో రుద్దితే పూత కదలకూడదు. మొదటి బ్యాచ్‌లో పూత అప్పడం ముక్కల్లా లేచి వచ్చింది.

"గుడ్డ మరీ మెత్తనండీ, అందుకే నిలవలేదు. ఈసారి గంజి దట్టంగా పెట్టిన సరుకు తెప్పిస్తా. పెళపెళలాడాలి" అన్నారు రావు గారు.

మా ప్రాంతంలో పెళపెళలాడే గుడ్డంటే గౌరవం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలో నేనూ ఆ మాటకు తలూపాను. రెండో బ్యాచ్‌లో పూత ముక్కలుగా కాదు, మొత్తం ఒకే పొరగా ఊడివచ్చింది.

"రొయ్య కుబుసం విడిచినట్టుందేంటండీ ఇది!" అని రావు గారు నుదురు కొట్టుకున్నారు. "మేడమ్ గారి మీద గౌరవంతో ఆగుతున్నా. మూడోది కూడా ఇట్టాగే అయితే షెడ్డులో వేరే సరుకు తీసుకుంటా. మరేం అనుకోవద్దు సారూ."

సువర్చల గారు ఆమ్లం, వేడి, చిక్కదనం అన్నీ మూడు రోజులపాటు మళ్లీ కొలిచారు. తేడా ఏమీ లేదు. తన ల్యాబులో ఒక్కసారి కూడా పూత లేవలేదని మాత్రం అన్నారు.

అప్పుడు నేను, పని మొత్తం మొదటి నుంచీ నా కళ్లెదుట చేయమన్నాను. ల్యాబ్ అటెండెంట్ నాగరత్నం మడతపెట్టిన గుడ్డ తెచ్చింది. ఆ ల్యాబులో హోదాలో అందరికంటే కింద ఆమె. పుట్టిల్లు నేతపనివాళ్లది.

"ఈ గుడ్డ ఎక్కడిది?" అని అడిగాను.

"వన్ టౌన్ కొట్టుదేనండి. రావు గారు కొనేదీ అక్కడేగా."

"మరి ఇంత మెత్తగా ఉందేం?"

"ఒక రోజంతా నానేసి, ఉడకబెట్టి, ఆరేసి తెస్తానండీ. గంజి పోవద్దూ?"

"కొత్త గుడ్డకు గంజి ఎక్కడిది?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "పడుగుకు గంజి పెట్టకపోతే మగ్గం మీద పోగు తెగిపోద్ది సారూ. నేసినాక ఆ గంజి వదిలించాలి. గంజి గుడ్డకు రంగే పట్టదు, మీ రొయ్యల జిగురు పట్టుద్దా?"

ఇన్నేళ్లలో ఈ మాట ఎందుకు చెప్పలేదని సువర్చల గారు అడిగారు.

"బియ్యం కడిగే అన్నం వండానని ఎవరన్నా చెబుతారా మేడమ్?" అంది నాగరత్నం.

గుడ్డను నానబెట్టి ఉడకబెట్టడం బదిలీ పత్రంలో మొదటి అంశంగా ఎక్కింది. పేటెంటుకు అప్పటికి తాత్కాలిక దరఖాస్తు మాత్రమే వేశాం. ఏడాదిలోపు వేసే పూర్తి దరఖాస్తులో మనకు తెలిసిన అన్నిటికంటే మంచి పద్ధతిని దాచకుండా చెప్పాలన్నది చట్టం. అందులోనూ ఆ వాక్యం చేర్చాం. లేకుంటే ఆ పేటెంటు కూడా రెండో బ్యాచ్ లాగే ఊడివచ్చేది.

మూడో బ్యాచ్‌కు నాగరత్నం స్వయంగా కంకిపాడు వచ్చి గంగాళాల దగ్గర నిలబడింది. నానిన పట్టీని రావు గారు వేలితో రుద్దారు, గోటితో గీకారు, చివరికి స్కూటరు తాళంచెవితో గీశారు.

"మా బావమరిది కంటే గట్టిగా పట్టుకుందండీ, వదలదే!" అన్నారు. సువర్చల గారు ఆ తడి ముక్కను కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. పట్టీ ఇప్పుడు మందుల షాపుల్లో దొరుకుతోంది. నేను యాభై మూడో ఏట స్వచ్ఛందంగా ఉద్యోగం మానేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పదగ్గది ఒకటుంది. ల్యాబు నుంచి బజారుకు వెళ్లే దారిలో జారిపోయేది రహస్యం కాదు, ఎవరూ పనిగా లెక్కించని పని. బదిలీ పత్రం రాసేవాడు, సరుకు మొదట ఎవరి చేతికి వస్తుందో వాళ్ల ఎదుట ముందు కూర్చోవాలి.

ఇక ఒట్టు సంగతి. పిల్లులు నిజం. పదకొండే. తాళంచెవీ నిజమే. నేను అడిగి రాబట్టానన్నదే కల్పన. బియ్యం మాట కూడా నేను ఆమె నోట పెట్టిందే. జూన్‌లో పత్రం కోసం ల్యాబుకు వెళ్లిన మొదటి రోజే నాగరత్నం, "గుడ్డ నానేసి ఉడకబెట్టాలండీ, అదీ రాసుకోండి" అంది. ఊడ్చే తుడిచే పనుల్లో అదొకటనుకుని నేను పెన్నుకు మూత పెట్టాను. రెండు బ్యాచ్‌లు పోయాక, మేడమ్ ఎదుట ఆ ఊసెత్తకుండా, ఒక్కతే నా గదికి వచ్చింది.

"ఈసారన్నా రాసుకోండి సారూ" అంది.

రాసుకున్నాను.