బ్రహ్మయ్య కుర్చీ, నా కుళ్ళు

బ్రహ్మయ్య బావ పోయాడు.

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే కర్నూలు నుంచి ఫోను వచ్చింది. వాళ్ళ కోడలు ఏడుస్తూ చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. గ్లాసు పట్టుకుని అట్లే కూర్చుండిపోయాను. కాఫీ చల్లారిపోయాక ఇంట్లో ఎవరో వచ్చి చేతిలోంచి తీసుకున్నారు.

నాకంటే ముందు పోతాడని అనుకోలేదు.

అన్నిట్లోనూ వాడే ముందు. దీంట్లో కూడానా?

నాకు రాయడం అంతంతమాత్రం. ఫోనుతో మాట్లాడితే అదే అక్షరాలు వేస్తుంది. తప్పులుంటే మీరే సర్దుకోండి. నిన్నటి నుంచి మన చుట్టాల గ్రూపులో అందరూ ఒకటే రాస్తున్నారు, మహానుభావుడు, గొప్ప డిజైనర్ అని. మీలో ఎవరూ వాడి పక్కన నిలబడి చిత్రిక పట్టలేదు. నేను పట్టాను. నేను చెప్తా వినండి.

బ్రహ్మయ్య మా మేనత్త కొడుకు. వడ్రంగం నేర్చుకోవడానికి నందికొట్కూరులో మా నాయన దగ్గరికి వచ్చాడు.

స్వాతంత్ర్యం రావడానికి ముందటి ఎండాకాలం. మాకిద్దరికీ మీసాలు వచ్చిన కొత్త.

నేతగాళ్ళు వాళ్ళ వీధిలో పేపరు చదువుకోవడానికి ఒక గది కట్టుకున్నారు. దాంట్లోకి కుర్చీలు కావాలని వాళ్ళ పెద్ద నారాయణప్ప మా నాయనను అడిగాడు. నాయన మా ఇద్దరినీ పిలిచి, చెరొక శాంపిల్ చేయండి, ఎవరిది నచ్చితే మిగతా పనికి వాడే మేస్త్రి అన్నాడు.

మేస్త్రి!

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. కొడుకును నేను. నేను కాక ఇంకెవడవుతాడు?

నల్లమల టేకు తీశాను. దొర బంగళాలో చూసిన మోడల్ పెట్టాను. ఎత్తైన వీపు, దాని మీద నెమలి, చేతులకు సింహం తలలు. సింహం నోట్లో నాలుక కూడా చెక్కాను. ఇప్పటికీ చెప్తున్నా, ఆ చెక్కుడు జిల్లాలో ఎవడి చేతా కాదు.

వాడు ఏం చేశాడు? వేపకర్ర తెచ్చుకున్నాడు. ఎత్తు లేదు. చేతులు లేవు. పీటకు వీపు మొలిచినట్టుంది. వెడల్పు మాత్రం ఇద్దరు కూర్చునేంత. సీటుకు చెక్క బదులు గాలి ఆడేట్టు నవారు అల్లాడు, అది కూడా ఆ నేతగాళ్ళ దగ్గరే నేయించుకుని. ఒక పువ్వు లేదు, ఒక తీగ లేదు.

నాకు నవ్వు ఆగలేదు. మా నాయన కూడా నవ్వాడు.

"ఏమిరా బ్రహ్మయ్యా, దీని చేతులు యాడ మర్సిపోయినావు?"

"మర్సిపోలేదు మామా. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్ళు యాలాడేసుకోని తొక్కే మనిషి, ఈడికొచ్చి గూడా యాలాడేస్తాడా? పైకి పెట్టుకోని మఠం ఏస్తాడు. చేతులుంటే మోకాళ్ళకు అడ్డం."

"మఠం ఏసేదానికి కుర్చీ ఎందుకు బావా, శాప సాలదా?" అన్నాను నేను.

"శాప మింద నుంచి లేసేటప్పుడు నడుం పట్టుకుంటాది బామ్మర్దీ. నీకింకా నడుం లేదులే, తెల్దు."

నాయన ఇంకా గట్టిగా నవ్వాడు. ఈసారి నన్ను చూసి.

మరుసటి రోజు నేతగాళ్ళు వచ్చారు. అందరూ నా కుర్చీ చుట్టే చేరారు. సింహం నోట్లో వేలు పెట్టి చూశారు. శానా బాగుండాది అన్నారు. నా ఛాతీ ఉబ్బింది.

అప్పుడు నారాయణప్ప కూర్చున్నాడు. కాసేపు దొరలాగే బిగుసుకుని ఉన్నాడు. తర్వాత అలవాటుగా ఒక కాలు పైకి మడిచాడు. మోకాలు టక్కున తగిలింది.

"ఏమప్పా వీరా, నీ సింగం కరుస్తాండాది!"

లేచి బ్రహ్మయ్య కుర్చీలోకి పోయాడు. రెండు కాళ్ళూ పైకి పెట్టి మఠం వేసి, పేపరు తెరిచాడు.

"లేయప్పా, మేం గూడా సూడాల" అన్నారు మిగతావాళ్ళు.

"ఉండండప్పా, ఈ వార్త అయిపోనీ."

ఆ వార్త అయిపోయాక ఇంకో వార్త. ఆయనకు చదువు రాదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

అదయినా ఓర్చుకున్నాను. వాళ్ళు పోయాక, మధ్యాహ్నం ఎండకు, మా నాయన ఊరికే చూద్దామని ఆ కుర్చీలో కూర్చున్నాడు. వీపు ఆనించాడు.

నిద్రపోయాడు.

అన్నానికి పిలిచినా లేవలేదు. మా నాయన పగలు కునుకు తీయడం నేను చూసింది అదే మొదలు. ఇంక ఎవరు మేస్త్రి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నా కుర్చీని ఆయన బతికినన్నాళ్ళు పైగుడ్డతో తుడిచేవాడు. వచ్చినవాళ్ళకు చూపించేవాడు. ఒక్కసారి కూడా దాంట్లో కూర్చోలేదు.

బ్రహ్మయ్య కర్నూలు పోయి షాపు పెట్టుకున్నాడు. నాకు పీడ పోలేదు. బనగానపల్లె నుంచి కూడా మనుషులు నా దగ్గరికి వచ్చి "బ్రహ్మయ్య కుర్చీ చేసిస్తావా?" అని అడిగేవాళ్ళు. నా చేత్తో! బ్రహ్మయ్య కంటే నేనే ఎక్కువ బ్రహ్మయ్య కుర్చీలు చేసి ఉంటాను.

దాన్ని మార్చాలని ఎన్ని తిప్పలు పడ్డానో. వీపుకు చిన్న పువ్వు పెట్టాను, నడుముకు గుచ్చుకుంటుంది తీసేయ్ అన్నారు. వేలెడు ఎత్తు పెంచాను, మఠం వేస్తే ముందుకు తూలినట్టుంది. వీపు వాలు తగ్గించాను, కూర్చున్నవాళ్ళకు కునుకు రాలేదు. ఎక్కడ చెయ్యి పెట్టినా చెడింది. ఇన్నేళ్ళూ దాంట్లో తప్పు వెతికాను.

దొరకలేదు.

ఇప్పుడు షోరూముల్లో నున్నగా, బోడిగా ఉన్న ఫర్నిచర్ చూసి "ఏం డిజైన్!" అంటున్నారు మన పిల్లలు. చెక్కుడు తీసేస్తే డిజైన్ అయిపోదు నాయనా. వాడు కూర్చునేవాళ్ళ కాళ్ళను ముందు చూశాడు, ఆ తర్వాతే రంపం పట్టాడు.

బావా, నీ కుర్చీ గొప్పది. ఒప్పుకుంటా.

నువ్వు నాకంటే గొప్పవాడివని ఎవరు రాసినా మాత్రం లైక్ కొట్టను.

పైన మా నాయన ఉంటాడు. నువ్వు పోతూనే చేతికి పని ఇస్తాడు, నాకు తెలుసు.

నేను వచ్చేదాకా ఆయనకు కుర్చీ చేయొద్దు.

అంతవరకు నిమ్మళంగా ఉండు బావా.